గువాహిబోలు మనకు చుట్టాలా? మీ పట్టికలో ఆ ఒకటిన్నర శాతం సంగతి

మీ డీఎన్‌ఏ ఫైలును హరప్పావరల్డ్ అనే, పూర్వీకుల వాటాలు లెక్కగట్టే ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో వేస్తే 'అమెరికన్' గడిలో ఒకటిన్నర శాతం వచ్చిందని రాశారు. అక్కడ ఎవరెవరి శాంపిళ్లు వాడతారో వెతుకుతూ పోతే ఒక పరిశోధన జాబితాలో 'గువాహిబో' అనే దక్షిణ అమెరికా ఆదివాసీల పేరు కనిపించిందనీ, వాళ్లలోనూ మేనరికాలున్నాయని చదివాక మన పూర్వీకులకూ వాళ్లకూ ఏదో బంధం ఉందేమో అనిపించిందనీ అన్నారు. దానికింద ఒకాయన 'వాళ్లు కల్తీ లేని ఆదిమ జాతి, అందుకే సైంటిస్టులు వాళ్ల వెంట పడతారు' అని వ్యాఖ్య పెట్టారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ఒకటిన్నర శాతం గువాహిబోలది కాదు. మేనరికం చుట్టరికానికి రుజువు కాదు. ఇక 'కల్తీ లేని' అన్న మాట పూర్తిగా తప్పు, మిగతా అపోహలన్నీ దానిలోంచే పుడుతున్నాయి. జనాభా జన్యుశాస్త్రంలో చాలాకాలం ఉద్యోగం చేశాను. ఇలాంటి పట్టికలు తయారుచేసే వైపు కూర్చున్నదాన్ని. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

గువాహిబోలు ఓరినోకో నదికి పడమటి వైపు విస్తరించిన యానోస్ గడ్డి మైదానాల మనుషులు. కొలంబియాలో విచాదా, మేతా ప్రాంతాల్లో ఎక్కువగా ఉంటారు, సరిహద్దు దాటితే వెనిజులాలో అపురే, అమెజోనాస్ రాష్ట్రాల్లో ఉంటారు. కొలంబియాలో తమను సికువాని అనీ, వెనిజులాలో హీవి అనీ చెప్పుకుంటారు. 'గువాహిబో' బయటివాళ్లు పిలిచిన పేరు, పరిశోధన పత్రాల్లో అదే స్థిరపడిపోయింది. కుయివా, గువయబేరో జనాల భాషలు వాళ్ల భాషకు దగ్గరివి. ఈ రోజుకీ వేల కుటుంబాలు ఈ భాషలోనే పిల్లల్ని పెంచుతున్నాయి. అంతరించిపోయిన జాతి గురించి మాట్లాడుతున్నట్టు వ్యాఖ్యల్లో కొందరు రాశారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

వాళ్ల ప్రధాన పంట చేదు కర్రపెండలం. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యానికి వాడే దుంపలాంటిదే, కానీ చేదు రకంలో విషం బాగా ఎక్కువ. దుంపను తురిమి, ఈత చాపలా అల్లిన పొడవాటి సన్నటి గొట్టంలో కూరతారు. ఒక కొసను కొమ్మకు తగిలించి, రెండో కొసకు కర్ర దూర్చి దాని మీద బరువు వేస్తే గొట్టం సాగి, నడుము సన్నబడి, విషపు రసమంతా కారిపోతుంది. మిగిలిన పిండిని పెద్ద పెనం మీద పలచటి రొట్టెగా కాలుస్తారు. తమ పంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే కథ కూడా వాళ్లకుంది. లోకంలోని పంటలన్నీ కలియవిరినాయె అనే ఒకే మహావృక్షానికి కాసేవట. దాన్ని నరికి కూల్చాకే అందరికీ అందాయట.

ఇప్పుడు చరిత్ర. ఇది లేకుండా జన్యువుల లెక్క అర్థం కాదు. 17, 18 శతాబ్దాల్లో ఓరినోకో ఒడ్డున జెసూట్ క్రైస్తవ మతగురువుల స్థావరాలు, అంటే మిషన్లు, వెలిశాయి. బానిసల కోసం దాడులు జరిగాయి. మశూచి లాంటి రోగాలు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేశాయి. నది వెంబడి స్థిరంగా ఉండి సేద్యం చేసుకునే అచాగువా, సాలివా జనం బాగా తగ్గిపోయారు. ఎప్పుడూ కదులుతూ ఉండే గువాహిబోలు వాళ్లకంటే ఎక్కువ నిలదొక్కుకున్నారు, ఖాళీ అయిన చోట్లకు విస్తరించారు, చెదిరిపోయిన పొరుగువాళ్లతో కలిసిపోయారు.

1800లో ఆ నదుల మీద ప్రయాణించిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్‌కు అతబాపో నది ఒడ్డున ఒక బండను చూపించారు. దాని పేరు తల్లి బండ. 1797లో సాన్ ఫెర్నాందో మిషన్ పాదిరీ మనుషుల్ని వెంటేసుకుని గువావియారే తీరానికి వెళ్లాడు. అక్కడొక గుడిసెలో గువాహిబో తల్లి కర్రపెండలం పిండి చేసుకుంటోంది, భర్త చేపలకు వెళ్లాడు. ఆమెనూ పిల్లల్నీ కట్టేసి పడవలో వేసుకుపోయారు. మిషన్ నుంచి పిల్లలతో సహా ఎన్నోసార్లు పారిపోయింది, పట్టుకొచ్చి కొట్టారు. ఇక పిల్లల దగ్గర ఉంచకూడదని ఎగువకు తీసుకుపోతుంటే నీళ్లలో దూకి ఆ బండ దగ్గర ఒడ్డెక్కింది. మళ్లీ దొరికింది. ఆ బండ మీదే బోర్లా పడుకోబెట్టి కొరడాలతో కొట్టారు. హావితా మిషన్‌లో బంధిస్తే రాత్రివేళ తప్పించుకుని, నిండు వానాకాలంలో, మగవాళ్లే సాహసించని అడవి దాటుకుని పిల్లలున్న ఊరికి చేరుకుంది. అప్పుడూ కనికరించలేదు. ఇంకా దూరపు మిషన్‌కు పంపేశారు. అక్కడ తిండి ముట్టకుండా ప్రాణం విడిచింది.

ఈ కథను మనసు కరిగించడానికి చెప్పలేదు. జన్యుశాస్త్రం చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ పిల్లలు ఏమయ్యారు? ఇలా నాలుగు భాషల వాళ్లను ఎత్తుకొచ్చి ఒకేచోట ఉంచిన మిషన్లో పెరిగారు. వాళ్లలాంటి పిల్లల మనవలు ఏ పేరుతో నమోదయ్యారు? రెండు శతాబ్దాలపాటు ఇలా కలగాపులగమైన నదీతీరాల్లో ఏ సమూహాన్నైనా 'కల్తీ లేనిది' అనడానికి నోరెలా వస్తుంది? ఆ హింస వలసపాలనతో ఆగిపోనూ లేదు. 1967 డిసెంబరులో కొలంబియాలోని అరావుకా ప్రాంతంలో లా రుబియేరా పశువుల క్షేత్రంలో పనివాళ్లు కుయివాలను భోజనానికి పిలిచి, పిల్లలతో సహా 16 మందిని చంపేశారు. ఇండియన్లను, అంటే అక్కడి ఆదివాసీలను, చంపడం తప్పని మాకు తెలియదని కోర్టులో చెప్పుకున్నారు. 1972లో వియావిసెన్సియో నగరంలోని జ్యూరీ ఆ మాట నమ్మి వదిలేసింది. తర్వాత జరిగిన మరో విచారణలోగానీ శిక్ష పడలేదు.

మరి సైంటిస్టులు అక్కడికి ఎందుకు వెళ్లారు? డీఎన్‌ఏ చదవడం రాకముందే, రక్తపు గ్రూపుల రోజుల్లోనే వెళ్లారు. 1950ల్లో వెనిజులాలో ఒక కుటుంబంలో పసిబిడ్డ రక్తకణాలు విరిగిపోయే జబ్బుతో పుట్టింది. ఏబీఓ, ఆర్‌హెచ్ ఏ లెక్కలోనూ కారణం దొరకలేదు. తల్లి రక్తంలో ఉన్న యాంటీబాడీ రక్తకణాల మీద అప్పటివరకూ ఎవరికీ తెలియని ఒక గుర్తుమీద దాడి చేస్తోందని తేలింది. ఆ కుటుంబం పేరుమీదే దానికి డియేగో అని పేరు పెట్టారు. వెనిజులా పరిశోధకులు మిగుయెల్ లైరిస్, తూలియో ఆరెండ్స్ 1955లో దీన్ని ఆదివాసీ వారసత్వానికి ముడిపెడుతూ ప్రచురించారు. యూరప్ వాళ్లలో, ఆఫ్రికా వాళ్లలో దాదాపు లేదు. దక్షిణ అమెరికా ఆదివాసీల్లో ఉంది, చైనా, జపాన్ వైపూ ఉంది. బేరింగ్ జలసంధి దాటి వచ్చిన మనుషుల ఆనవాలు ఒక ప్రసూతి ఆసుపత్రి సమస్యలోంచి బయటపడిందన్నమాట. నా ఉద్దేశంలో ఈ శాస్త్రంలోని గొప్ప ఘట్టాల్లో ఇదొకటి.

దాంతో వెనిజులాలో ఊరూరా రక్తం సేకరించడం మొదలైంది. యానోమామి, వరావో లాంటి కొన్ని సమూహాల్లో డియేగో గుర్తు కనబడలేదు. వీళ్లు అందరికంటే ముందు వచ్చిన వేరే వలసదారులై ఉంటారని లైరిస్, మానవశాస్త్రవేత్త యోహానెస్ విల్బర్ట్ 1961లో వాదించారు. వినడానికి బాగుంటుంది, కానీ అంతదూరం పోనక్కర్లేదు. చిన్న సమూహంలో ఒక జన్యురూపం ఊరికే అదృష్టం కొద్దీ మాయమైపోగలదు.

మొత్తం విషయానికి తాళంచెవి ఇదే. రకరకాల గింజలు కలిసి ఉన్న గాదెలోంచి గుప్పెడు తీసి కొత్త చేలో చల్లితే కొన్ని రకాలు ఆ గుప్పెట్లోకి రానేరావు, గాదెలో అరుదుగా ఉన్న ఒక రకం మాత్రం చేనంతా కనిపించవచ్చు. మంచి గింజనే ఏరుకున్నారని కాదు, గుప్పెడు చిన్నది, అంతే. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. అమెరికా ఖండాలు చేరిన తొలి జనం చిన్న గుంపు. దక్షిణానికి దిగేకొద్దీ అందులోంచి ఇంకా చిన్న గుంపులు విడిపోయాయి. అమెజాన్, ఓరినోకో జనాల్లో దాదాపు అందరిదీ ఓ గ్రూపు రక్తమే కావడం దీనికి సాక్ష్యం. దానిమీద 1492 తర్వాతి వినాశనం పడింది. 2016లో వెలువడ్డ ఒక అధ్యయనం కొలంబస్‌కు ముందటి 92 మంది అస్థికల నుంచి తల్లివైపు డీఎన్‌ఏ మొత్తాన్ని చదివింది. అందులో కనబడిన వంశశాఖల్లో ఒక్కటి కూడా పోల్చి చూసిన నేటి మనుషుల్లో దొరకలేదు. కాబట్టి ఈ జనాలు పట్టికలో 'విడిగా, తేటగా' కనిపిస్తున్నారంటే దానికి కారణం వాళ్లు పోగొట్టుకున్నది.

మనవాళ్లలోనే ఉదాహరణ కావాలంటే మన వైశ్యుల సంగతి చూడండి. సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో చాలా పాతదైన, బలమైన డ్రిఫ్ట్ గుర్తు కనిపించింది. స్కోలిన్ అనే మత్తుమందు సహాయక ఔషధాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో లోపించడం ఈ సమాజంలో ఎక్కువ, ఆపరేషన్ ముందు ఈ ప్రశ్న అడిగే డాక్టర్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. లక్షల మంది ఉన్న సమాజం, ఊళ్ల నడుమ బజార్లలో అందరితో కలిసి బతికిన సమాజం. వాళ్లను ఎవరూ 'ఆదిమ జాతి' అనరు కదా! కారణం ఒకటే అయినప్పుడు అడవిలోనో మైదానంలోనో ఉన్నవాళ్లకు మాత్రం ఆ ముద్ర ఎందుకు వేయాలి?

ఇక శాంపిళ్ల విషయం. 2012లో డేవిడ్ రైక్, ఆంద్రేస్ రుయిస్-లినారెస్ బృందం 52 అమెరికా ఆదివాసీ సమూహాలను, 17 సైబీరియా సమూహాలను పోల్చి, ఆసియా నుంచి కనీసం మూడు ప్రవాహాలుగా జనం వచ్చారని, అందులో మొదటిదే అధిక భాగమని చెప్పింది. మీకు దొరికిన గువాహిబో పేరు ఆ వరుసలోదే. అందులో గువాహిబోలు ఎంతమంది? వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. చాలా సమూహాలది అదే పరిస్థితి. పైగా యూరప్, ఆఫ్రికా మూలాల నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కల్ని గుర్తించి, లెక్కలోంచి తీసేసి, మిగిలిన భాగంతోనే పాత చరిత్రను విశ్లేషించారు. ఆ ప్రశ్నకు అది సరైన పద్ధతే. కానీ ఏరి, తుడిచి, మిగిల్చిన దాన్ని చూసి 'ఎంత స్వచ్ఛంగా ఉన్నారో' అనుకోవడం మాత్రం పొరపాటు. ఆ స్వచ్ఛత పద్ధతిలోంచి వచ్చింది. అసలు శాంపిల్ తీసేటప్పుడే తాత, అమ్మమ్మలు నలుగురూ అదే సమూహం వాళ్లని చెప్పినవాళ్లనే సాధారణంగా ఎంచుకుంటారు.

ఇప్పుడు మీ ఒకటిన్నర శాతం. ఒకే ఒక్క పూర్వీకుడి నుంచి 1.56 శాతం రావాలంటే అతను ఆరు తరాల వెనక, అంటే మీ ముత్తాతకు ముత్తాత వరసలో ఉండాలి. రమారమి 1830, 1850 ప్రాంతం. అలాంటి మనిషి నిజంగా ఉంటే ఆ డీఎన్‌ఏ కొద్ది క్రోమోజోముల మీదే పొడవాటి ముక్కలుగా కనిపిస్తుంది, అమ్మ వైపో నాన్న వైపో ఒక్క వైపు నుంచే వస్తుంది. మీ క్రోమోజోముల పటం చూపించారు కదా: క్రోమోజోములన్నిటి మీదా ఆవగింజంత ముక్కలు చల్లినట్టు ఉంది. అది ఆరు తరాల కిందటి మనిషి అలికిడి కాదు.

మరేమిటి? బైకాల్ సరస్సు దగ్గర మాల్తా అనే చోట 24,000 ఏళ్ల కిందట చనిపోయిన ఒక బాలుడి డీఎన్‌ఏను 2013లో ప్రచురించారు. అమెరికా ఆదివాసీల వారసత్వంలో సుమారు 14 నుంచి 38 శాతం ఆ బాలుడి జనానికి సంబంధించినదని లెక్కగట్టారు. ఆ జనంలోని మరో కొమ్మ పడమటికి పాకింది. స్తెప్పీ మైదానాల పశుపాలకుల్లో కలిసింది, వాళ్ల ద్వారా వేల ఏళ్ల తర్వాత మన ఉపఖండంలోకీ వచ్చింది. ఇక కాలిక్యులేటర్ సంగతి: దానికి మాల్తా గడి లేదు. ఉన్న గడుల్లోనే మీ డీఎన్‌ఏను ఎలాగోలా సర్దాలి. డ్రిఫ్ట్ బలంగా ఉన్న సమూహాలకు ఇలాంటి ప్రోగ్రాములు ముందుగా గడి కేటాయిస్తాయి. 2002లో రోజెన్‌బర్గ్ బృందం 52 సమూహాల 1,056 మందిని ఐదు గుంపులు చేయమంటే అమెరికా వాళ్లు విడి గుంపుగా రావడం అందుకే. మీలోని ఆ పాత ఉత్తర ఆసియా ఛాయలో కొంత, అలాగే ఏ గడిలోనూ ఇమడని లెక్కల చిల్లర తేడా కొంత, వెళ్లి 'అమెరికన్' గడిలో పడ్డాయి. అదే సాధనంలో మరో పదిమంది తెలుగువాళ్ల ఫలితాలు పెట్టి చూడండి, చాలామందికి సున్నాకీ రెండుకీ మధ్య ఏదో ఒకటి ఉంటుంది.

ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అండమాన్ మాట కూడా. 2015లో పొంటస్ స్కోగ్లండ్ బృందం బ్రెజిల్‌లోని సురుయి, కరితియానా, షవాంతే జనాల్లో ఒకటి రెండు శాతం మేర ఒక వింత వారసత్వాన్ని చూపింది. అది పాపువా, ఆస్ట్రేలియా ఆదివాసీలకూ మన అండమాన్ ఓంగేలకూ కాస్త దగ్గరగా ఉంటుంది. ఇది నిజమైన ఫలితం, ఇంకా పూర్తిగా విప్పని ముడి. అయితే అండమాన్ నుంచి పడవలెక్కి అమెజాన్ వెళ్లారని దానికి అర్థం కాదు. ఎప్పుడో ఆసియాలో ఉండి మాయమైన ఒక జనం రెండు వైపులా కొంచెం కొంచెం మిగిలింది.

మేనరికం దగ్గరికి వస్తే, మీరు చదివింది నిజమే. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ వరసైనవాళ్లు కావడం, పినతండ్రి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కావడం సికువానిల్లో ఉంది. మానవశాస్త్రవేత్తలు ఈ తరహాకు 'ద్రావిడ' అనే పేరే వాడతారు, ఎందుకంటే దాన్ని ముందుగా వివరంగా రాసింది దక్షిణ భారతాన్ని చూసి. అమెజాన్, గయానా ప్రాంతాల్లో చాలాచోట్ల ఈ పద్ధతి ఉంది. పెళ్లి సంబంధాలను రెండు వైపుల మధ్య తరతరాలు నడిపించుకోవడానికి ఇది సులువైన ఏర్పాటు, అందుకే ఒకరి నుంచి ఒకరు నేర్చుకోకుండానే దూరదూరాల్లో పుట్టింది.

డీఎన్‌ఏలో చూస్తే ఇక్కడ ఒక అందమైన తేడా ఉంది. మనిషికి అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన రెండు ప్రతులు ఒక పొడవు మేర అచ్చం ఒకేలా ఉంటే ఆ భాగాన్ని కొలుస్తాం. మన మేనరికపు పెళ్లిళ్ల పిల్లల్లో ఈ భాగాలు కొద్ది చోట్లే ఉంటాయి, కానీ చాలా పొడవుగా ఉంటాయి. తాతమ్మ ఒకరే కావడం నిన్నమొన్నటి సంగతి కాబట్టి ముక్క ఇంకా తెగలేదు. అమెరికా ఆదివాసీల్లో అయితే పొట్టివి, మధ్యరకంవి చాలా ఎక్కువ సంఖ్యలో, డీఎన్‌ఏ అంతటా కనిపిస్తాయి. దగ్గరివాళ్లను చేసుకోని వాళ్లలోనూ ఉంటాయి, ఎందుకంటే వేల ఏళ్ల కిందట పూర్వీకులే కొద్దిమంది. ఒకే రకం పెళ్లి ఆచారం ఉన్న రెండు జనాల డీఎన్‌ఏ రెండు వేర్వేరు చరిత్రలు చెబుతోంది.

ఈ శాంపిళ్ల గురించి నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ప్రపంచ జనాభాల ప్రామాణిక సేకరణలో చాలావాటిని రక్తంగా కాక కణాలుగా దాచారు. తెల్లకణాలను ఒక వైరస్‌తో మార్చి, అంతులేకుండా పెరిగేలా చేసి, ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతారు. ఇచ్చిన మనిషి పోయాక కూడా అవి పెరుగుతూనే ఉంటాయి. చనిపోయినవాళ్ల ఆనవాలేదీ మిగల్చకూడదని నమ్మే యానోమామిల రక్తం 1960ల చివర నుంచి అమెరికా ఫ్రీజర్లలో ఉండిపోయింది. 2015లోగానీ 2,693 సీసాలు బ్రెజిల్‌లోని వాళ్ల ఊళ్లకు తిరిగి రాలేదు. అరిజోనాలో హవసుపాయి తెగ వాళ్లు మధుమేహం పరిశోధన అనుకుని రక్తమిస్తే వేరే పనులకూ వాడారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు, మిగిలిన శాంపిళ్లు ఇచ్చి రాజీపడింది. అమెరికాలోనే మరో ఆదివాసీ సమాజమైన నవాహో జాతి 2002లో తమ నేలమీద జన్యు పరిశోధననే ఆపేసింది. నేను ఈ శాస్త్రాన్ని ప్రేమిస్తాను, అయినా ఆ నిర్ణయాలను తప్పుపట్టలేను. రక్తమిచ్చిన ఊరికి ఫలితం వాళ్ల భాషలో చేరాలి, దేనికి వాడొచ్చో దేనికి వాడకూడదో ముందే వాళ్లు చెప్పాలి, తిరిగి అడిగితే ఇవ్వాలి. ఇవి లేకుండా తీసిన శాంపిల్‌ను నేనైతే ముట్టుకోను.

చివరగా మీ పని. 'అమెరికాలో మన చుట్టాలు' అని వ్యాసం రాస్తానన్నారు. దయచేసి ఆ పేరు వద్దు. గువాహిబోల గురించి రాయాలనిపిస్తే నదుల గురించి, మిషన్ల గురించి, నేటి సికువాని ఊళ్ల భూమి తగాదాల గురించి రాయండి, చదవడానికి నేను సిద్ధం. మీ వంశం గురించి తెలుసుకోవాలంటే అమ్మగారి ఫైలూ నాన్నగారి ఫైలూ విడివిడిగా అదే సాధనంలో వేయండి. ఇద్దరికీ దాదాపు సమానంగా వస్తే నేను చెప్పిందే. ఒక్కరికే మూడు శాతం వచ్చి, అది కొద్ది క్రోమోజోముల మీదే పొడవాటి ముక్కలుగా కనిపిస్తే మాత్రం ఆ పటం ఇక్కడ పెట్టండి, అప్పుడు కూర్చుని మళ్లీ చూద్దాం.